పసుపు రాసిన చెక్క

నేను ఒక పనస చెక్కను. వీణ కావలసి, కాలేకపోయినదాన్ని. బొబ్బిలి దగ్గర ఒక వీణల పనివారి ఇంట నన్ను కోసి, ఎండబెట్టి, తీరా చెక్కబోయేసరికి నడుమ సన్నని చీలిక కనబడింది. "ఇది నాదం పట్టదు" అని పక్కన పడేశారు. నా తోటి చెక్కలు తీగలు బిగించుకుని ఊళ్లకు వెళ్లిపోతుంటే పెంకుల చూరు కింద పడి చూస్తూ ఉండేదాన్ని.

నన్ను అక్కణ్ణించి తెచ్చింది ఇందుశ్రీ. చిత్రకళ చదువుకున్న పిల్ల. దూరంగా నిలబడి చూసి పోయే బొమ్మలంటే ఆమెకు విసుగు. మనుషులు ముట్టుకుంటేనే ప్రాణం వచ్చే బొమ్మ చెయ్యాలని ఆమె పంతం. నా వీపు తొలిచి చిన్న కంప్యూటరూ, స్పీకరూ అమర్చి, ముందువైపు అరచెయ్యంత ఇత్తడి రేకు బిగించింది. పెద్దాసుపత్రిలో, చచ్చుబడిన కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించే హాల్లో నన్ను గోడకు నిలబెట్టింది. అలాంటి రేకే ఇంకొకటి పక్కనున్న స్తంభానికి బిగించి, తీగ నాలోకి లాగింది. ఒక్క మనిషి చేతులు చాపితే ఆ రెంటినీ అందుకోలేడు. ఇద్దరు చెరో రేకు మీద చెయ్యి వేసి, మిగిలిన చేతులు కలుపుకోవాలి. అప్పుడు నాలోంచి వీణ నాదం వచ్చేది. పట్టు బిగిస్తే పెరిగేది, సడలితే సన్నగిల్లేది.

నన్ను పెట్టి ఇందుశ్రీ వేరే ఊరు వెళ్లిపోయింది. జనం మొదట నన్ను బరువు తూచే మిషను అనుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. నాకు వినోదమనిపించింది ఒక్కటే. పెళ్లిలో తప్ప నలుగురిలో ఎన్నడూ చేతులు కలపని ఆలుమగలు, నా వంక పెట్టుకుని కలిపేవారు. కలిపి, ఎవరైనా చూస్తున్నారేమోనని దిక్కులు చూసేవారు.

గౌరునాయుడూ, వరహాలమ్మా అలా వచ్చినవాళ్లే. ఆయన జూటుమిల్లులో పనిచేసి దిగిపోయినవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చక్రాల కుర్చీలో ఆమె ఆయన్ని తోసుకొచ్చి, ఎడమచెయ్యి నా రేకు మీద పెట్టించేది. తాను స్తంభం మీద కుడిచెయ్యి వేసి, ఎడమ అరచెయ్యి ఆయన ముందు చాపేది.

"నాను పట్టుకోను మావా. పట్టుకోవాల్సింది నువ్వే."

"సిన్నపిల్లల ఆటలా ఉందే ఇది."

"మరి ఆడు. పెద్దోడివై ఏటి పొడిసేసినావు?"

మొదట్లో ఆయన చెయ్యి ఆమె చేతిలో తడిగుడ్డలా పడి ఉండేది. తుమ్మెద రొదంత సన్నగా పలికేదాన్ని. కొన్ని వారాలకు వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. నాదం లేచిన రోజున ఆయన చుట్టూ కూర్చున్నవాళ్ల వైపు, పరీక్ష పాసైన కుర్రాడిలా చూశాడు. "ఇన్నావేటే?" అన్నాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆయా సన్నాసమ్మ హాల్లో ఉన్న సామానంతా కడిగి బొట్లు పెట్టింది. నా దగ్గరికొచ్చి కాసేపు నిలబడింది. ఇంతమంది చేత చేతులు కలిపించినదాన్ని ఉత్త బొట్టుతో సరిపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. రాలిపోకుండా పసుపులో గంజి కలిపి, గడపకు రాసినట్టు రెండు రేకులకూ అంచుల దాకా మందంగా రాసింది. కుంకుమ అద్దింది, దణ్ణం పెట్టుకుంది. నన్నంత ప్రేమగా ఎవరూ ముట్టుకోలేదు. ఆ పసుపు ఎండి అట్ట కట్టింది. నాకు నోరు పోయింది.

సెలవులయ్యాక గౌరునాయుడు పొద్దున్నే, హాల్లోకి రోగులెవరూ రాకముందే వచ్చాడు. పండగ రోజుల్లో ఇంట్లో చెంబు పట్టుకుని సాధన చేశాడట. నా అలంకరణ చూసి వరహాలమ్మ రేకును ముట్టుకుని కళ్లకద్దుకుంది. అరచెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నాడు.

నేను పలకలేదు.

ఆయన పళ్లు బిగించాడు, మెడ నరాలు పొంగాయి. నేను పలకలేదు.

"పట్టుకున్నావు మావా! నా గాజులు నొక్కుకుపోతన్నాయి. దీనికే ఏటో అయినాది," అందామె.

ఊడుస్తున్న సన్నాసమ్మ తలెత్తి నొచ్చుకుంది. "దానికేటవుతాదమ్మా? మొన్ననే కదా పూజ సేసినాను. బంగారంలా ఉంది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకోసారి సూడు మావా."

"నువ్వలాగే అంటావులే, నన్ను ఊరుకోబెట్టడానికి. సెక్కకేటి, నామీద జాలా? అది అబద్దమాడదు. ఇంటికి పద."

ముప్పూటలా అన్నం పెట్టిన మనిషి మాట కంటే నా మౌనం ఆయనకు నిజమనిపించింది. మళ్లీ రాలేదు. తర్వాత వచ్చినవాళ్లు తట్టి చూసి, పాడైందనుకుని పోయారు. పసుపు తుడిచే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

ఎండలు ముదిరాక హాలుకు రంగులు వేయించారు. గోడలూ స్తంభాలూ కడిగిన నీళ్లకు రెండు రేకుల మీది పసుపూ నాని కారిపోయింది. నా వైరు ఇంకా ఎవరూ పీకలేదు. నిచ్చెన మీది పనివాడు నా రేకు మీద చెయ్యి ఆనించి దిగబోతూ రెండో చెయ్యి చాపాడు. కిందివాడు స్తంభం మీది రేకుకు చెయ్యి ఊతగా ఆనించి ఆ చెయ్యి అందుకున్నాడు. హాలంతా వీణ మోగింది.

అప్పుడే గుమ్మంలోంచి చక్రాల కుర్చీ తోసుకుంటూ వరహాలమ్మ వస్తోంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆసుపత్రి సొమ్ము ఆసుపత్రికి అప్పజెప్పడానికి తెచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఇది పలుకుతాదా బాబూ?"

"పసుపు అట్ట కట్టీసి ఉంది కదమ్మా, అందుకే ఇన్నాళ్లూ నోరు లేవనేదు గావాల. కడిగితే మోగుతోంది."

ఆమె తన ఎడమ అరచెయ్యి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"సెప్పినాను కదా మావా," అంది కుర్చీతో. "పట్టుకున్నావని సెప్పినాను కదా."

పనివాళ్లు తలలు దించుకుని బకెట్లు అందుకున్నారు. ఆమె స్తంభం దగ్గరికొచ్చి కుడిచెయ్యి రేకు మీద వేసింది. కుర్చీ వైపు ఎడమ అరచెయ్యి చాపింది, ఎప్పటిలాగే. వేళ్లు విప్పి, తాను పట్టుకోకుండా, ఎదురుచూస్తూ నిలబడింది.

ఒక్కరికే పలకడం ఇందుశ్రీ నాకు నేర్పలేదు.