ఉమ్మడి కల్లం

తోడికోడలు హారిక పేరెత్తితేనే మాధురికి ఒళ్ళుమంట. పొలాలు పంచుకున్నాక అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది కల్లం ఒక్కటే. అందులో పక్కపక్కనే రెండు మిరప రాశులు ఆరుతున్నాయి. మాధురి వాళ్ళ కాయ ఏదో ఉందంటే ఉంది. హారిక కాయ మాత్రం కళ్ళు చెదిరే ఎరుపు. దారిన పోయే ప్రతివాడూ ఆగి, "ఏం పండించావమ్మా హారికా!" అనేవాడే. పెద్దకోడలు మాధురి బ్రాడీపేటలో పోటీపరీక్షల పిల్లలకు ఎథిక్స్ పేపరు చెబుతుందని, ఆవిడ నోరు విప్పితే హాలంతా చెవులప్పగిస్తుందని ఊళ్ళో ఒక్కరికీ పట్టదు. మనిషన్నాక మండదా మరి?

ఆ వారమే ఆవిడ ప్రాచీన గ్రీకుల పాఠం చెప్పింది. ఊరు అందరిదీ అయినప్పుడు దాని మంచిచెడ్డలకు ప్రతి ఒక్కరూ పూచీ పడాలని వాళ్ళు నమ్మారంది. మంచితనం మాటలతో రాదు, చేసీ చేసీ చేతికి అలవాటు కావాలంది. ఎదుటివాళ్ళంత ఎదగాలని ఏడిస్తే మనిషి బాగుపడతాడు, వాళ్ళకున్నది పోవాలని ఏడిస్తే చెడిపోతాడని కూడా చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆదివారం ఇంటిల్లిపాదీ దాచేపల్లిలో పెళ్ళికి బయల్దేరారు. తలనొప్పి అని మాధురి ఆగిపోయింది.

"కల్లం నీ మీద వదిలేసి పోతున్నా అక్కా. మబ్బేస్తే రాశుల మీద పట్టాలు కప్పు," అని హారిక ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం దాటాక మబ్బు రానే వచ్చింది. మాధురి పరుగున వెళ్ళి తన రాశి మీద పట్టా లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టింది. హారిక పట్టా చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఆ ఎరుపు కంటబడింది. చేతులు ఆగిపోయాయి. కప్పకూడదని అనుకోలేదు పాపం. కప్పాలనీ అనిపించలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దీని కాయకూ రంగు చెడితే ఏం పోయింది అనిపించింది. చినుకులు పడ్డాయి. వాన దంచికొట్టింది. కాయ తడిసి ముద్దయ్యాక అప్పుడు కప్పింది.

సాయంత్రం హారిక వచ్చి, తడి కాయ పిడికిట పట్టి పిండి చూసింది. ఆ తర్వాత, "ఒక్కదానివి, రెండు రాశులు ఎక్కడ కప్పగలవులే అక్కా! నీదన్నా నిలిచింది, అదే పదివేలు," అంది. అత్తగారు గురవమ్మ ఊరుకుంటుందా? "తలనొప్పితో కూడా అంత వానలో తడిసింది నా కోడలు," అని వీధంతా చాటింది. ఇన్నేళ్ళకు ఊరు మాధురిని మెచ్చుకుంది.

ఆ మెప్పు ఆవిడకు గొంతు దిగలేదు. మర్నాడు తడిసిన కాయ పలచగా పరుస్తున్న హారిక దగ్గరికి వెళ్ళింది.

"కప్పే టైము నాకుండింది హారికా. పట్టా చేత్తో పట్టుకునే నిలబడ్డాను. నీ కాయ చూసి కుళ్ళుకున్నాను."

అరుస్తుందనుకుంది. నాలుగు తిడితే కొంత తేలికపడేది కూడా. హారిక కొంగుతో చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ అక్కా, నువ్వూ అంటూ చనువుగా తిరిగిన మనిషి.

"ఎండలో నిలబడకండి. మీరు లోపలికి వెళ్ళండి," అంది.