కట్టలు మోసిన ఫోర్‌మన్

ఆదివారం సాయంత్రమైతే మా ఇంట్లో కుర్చీలు చాలవు. టీవీలో వచ్చే ప్రెస్సు సీరియల్ అంటే మా ఆవిడకీ, మనవరాలికీ, కింద వాటాలో ఉండే టైలరుకీ పిచ్చి. అరగంట సీరియల్, గంట వాదన. కథంతా యాభై ఏళ్ళ కిందటి అచ్చాఫీసులో జరుగుతుంది. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చే రోజులవి. నేను ఆ పనే ముప్పై ఏళ్ళు చేశాను. చదివింది నాలుగో తరగతే గాని, అక్షరాన్ని తలకిందులుగా పట్టుకుని చదవమంటే ఎవరికీ తీసిపోను.

ఆ సీరియల్ తీసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. అందులో ఫోర్‌మన్ ఉన్నాడే, గడుల పెట్టె వైపు చూడకుండానే కావలసిన అక్షరం మీద వేలు పెడతాడు. అచ్చం మావాళ్ళలాగే. వాడు కోపిష్టి. ఒకరి మాట పడడు. అవసరమైతే అబద్ధమూ ఆడతాడు. అయినా వాడు పనిచేస్తుంటే చూపు తిప్పుకోలేం.

ఆ వారం ఫోర్‌మన్ ఒక తప్పు చేశాడు. ప్రూఫులు చూసే అమ్మాయి అన్నీ దిద్ది, సంతకం పెట్టి పంపిన పేజీ అది. మిషనెక్కించబోతుంటే ఒక వరస వాడి చేతిలోంచి జారి చెదిరిపోయింది. హడావిడిగా మళ్ళీ పేర్చాడు. ఒక అంకె తప్పు పడింది. అచ్చయ్యాక గొడవైతే నోరు విప్పలేదు. తప్పు ఆ అమ్మాయిదేనని తీసుకెళ్ళి బైండింగు గదిలో పడేశారు. మర్నాటి నుంచి వాడు ఆమెకి కాగితాల కట్టలు మోసిపెట్టడం మొదలెట్టాడు.

అది నేను చేసిన పనే.

మాది బస్సు టైముల పట్టిక. ఆరు అంకెని తిరగేసి పెట్టాను, తొమ్మిదయింది. ఆరింటి బస్సుకి జనం తొమ్మిదింటికి వచ్చారు. ఆమె దిద్దిన కాగితం చూస్తే తేలిపోయేదే. ఆ కాగితంతోనే నేను అప్పటికే చేతుల సిరా తుడుచుకుని, దాన్ని పారేశాను. రెండేళ్ళు ఆ ప్రూఫు పిల్ల బైండింగు గదిలో కాగితాలు మడిచింది. నేను కట్టలు మోశాను. ఆ పిల్లే మా ఆవిడ. "ఆ రెండేళ్ళూ నన్ను మనిషిగా చూసింది ఈయనొక్కరే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. నిజం చెబితే ఆ మాట ఏమైపోతుందోనని నలభై ఏళ్ళు నోరు కుట్టేసుకున్నాను.

టైలరు అందుకున్నాడు. "వాడు దొంగ అక్కా! కట్టలు మోసేది ప్రేమతో కాదు, భయంతో. ఆ పిల్ల ఎక్కడ కనిపెడుతుందోనని కాపలా కాస్తున్నాడు."

"నువ్వా వాణ్ణి అనేది? పోయిన నెల మా ఆయన చొక్కా పొట్టిగా కుట్టి, ఆయనే పొడుగయ్యాడన్నావు!"

మనవరాలు పడీపడీ నవ్వింది. "అమ్మమ్మా, నువ్వు వాడి లాయరువే. మా గ్రూపులో సగం మంది వాణ్ణి తిడుతున్నారు, సగం మంది వాడి మీద మనసు పారేసుకున్నారు."

"పారేసుకోరూ మరి! తప్పు చేసినవాడెవడైనా మొహం చాటేస్తాడు. వీడు ఎదురొచ్చి బరువెత్తుకున్నాడు. ప్రేమ కాకపోతే ఏంటది?"

"నిజం చెప్పకుండా ఎత్తుకున్న బరువు ఎవడిక్కావాలి అక్కా?"

మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరు చెప్పండి. కట్టలు మోసినవారేగా. ప్రేమా, భయమా?"

నాకు మాట త్వరగా రాదు. అందరికీ అలవాటే, ఆగారు.

"మొదట్లో భయమే" అన్నాను. "వాడిది కాదే. నాది. ఆ ఆరు అంకె తిరగేసింది నేను. నువ్వు సరిగ్గానే దిద్దావు. లైను నా చేతిలో చెదిరింది."

టైలరు లేచాడు. "పనుంది, వస్తా..."

"కూర్చో తమ్ముడూ." మా ఆవిడ గొంతుకి చతికిలబడ్డాడు.

"నేను చూసిన కాగితంలో ఆరే ఉందా?" అనడిగింది నన్ను.

"ఆరే. పక్కన ఎర్ర సిరాతో టిక్కు కూడా పెట్టావు."

"తర్వాత మళ్ళీ ప్రూఫు బల్ల దగ్గరికి రమ్మని ఓనరు పిలిస్తే నేనెందుకు పోలేదో తెలుసా? నా కన్ను నమ్మదగింది కాదనుకున్నాను. ఇప్పటికీ కరెంటు బిల్లు మూడుసార్లు చూస్తాను."

నాకు తెలీదు. ఆ గదిలో నేను తోడున్నానని ఉండిపోయిందనుకున్నాను.

"భయం ఎప్పుడు పోయింది?" అంది.

"తెలీదే. ఒకరోజు కట్ట దించేశాక కూడా అక్కడే నిలబడ్డాను. ఇంకేం కావాలి అన్నావు. ఏమీ వద్దన్నాను. అయినా కదల్లేదు."

ఆమె నవ్వలేదు. "వచ్చే వారం ఆ ఫోర్‌మన్ ఆ పిల్లకి నిజం చెప్పాలి. చెప్పకపోతే టీవీ కట్టేస్తాను."

"అంటే నేను గెలిచినట్టేనా అక్కా?"

"బాబాయ్, ఊరుకోండి" అంది మనవరాలు.

రెండు రోజులు మా ఆవిడకి "తినండి", "తలుపెయ్యండి" తప్ప నాతో మాట లేదు. మూడోరోజు పొద్దున మనవరాలిని ఎర్ర పెన్నడిగి, పేపరు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అచ్చుతప్పులకి సున్నాలు చుడుతున్న పెన్ను ఆగడం లేదు. చూస్తున్నకొద్దీ నాకు ఒళ్ళు పులకరించింది. ఫోర్‌మన్ చేతులు చూసి మురిసిపోయాను గాని, అంత పదునైన కన్ను ఇన్నేళ్ళు మా వంటింట్లో కూర్చుని బియ్యం ఏరింది.

"రెండు పేజీల్లో పదిహేను" అంటూ పేపరు నా ఒళ్ళో పడేసింది. "మూడో పేజీ మీకు వదిలాను. కనిపెట్టండి."

వెతికాను. అద్దాలు తుడుచుకుని మళ్ళీ వెతికాను. ఎదురుగా కూర్చుని చూస్తోంది, లేవనివ్వలేదు. గంటయింది. మెడ పట్టేసింది.

"ఏమీ కనపడట్లేదే" అన్నాను.

"కనపడదు. అందులో తప్పే లేదు" అంది. "లేని తప్పు కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో చూశారా?"

పేపరు లాక్కుని, ఎర్ర పెన్ను మూత తీసి నాలుగో పేజీ తిప్పింది.