బడిని లాగిన మగ్గం

చువాపెక్ అనే ఊళ్ళో తెల్లారితే ఆడవాళ్ళు మొక్కజొన్న రొట్టెలు కాల్చి, మగవాళ్ళని పొలాలకి తోలి, నడుం మగ్గాలు దించుకుంటారు. ఒక కొస తాడుతో స్తంభానికి కడతారు, రెండో కొస పట్టీలా నడుముకి చుట్టుకుంటారు. నేసేకొద్దీ స్తంభం మనిషివైపు జరుగుతుంది. కోడలు కోపంమీద నేసిందంటే సాయంత్రానికి వంటిల్లు వాకిట్లో ఉంటుంది. అత్తగారు గొణుక్కుంటూ అక్కడే పొయ్యి వేసుకుంటుంది. ఏదైనా ఎవరి వాకిట్లోకి జరిగితే దానిమీద వాళ్ళ మాటే చెల్లాలి, అది ఊరి కట్టుబాటు.

ఆవేళ నికోలాసాకి కోపం నషాళానికంటింది. బళ్ళో పిల్లలకి నేత నేర్పేది ఆవిడే. రాజధాని నుంచి ఊడిపడ్డ కొత్త హెడ్మాస్టరు ఆ తరగతి కాస్తా ఎత్తేశాడు.

"పూర్తిగా మానమన్నానా అవ్వా? అతిథులొచ్చినరోజు పిల్లలు మగ్గాలు పట్టుకుని ఫొటో దిగుతారు. మిగతా రోజులు పనికొచ్చే చదువు."

"ఫొటోకా! మా అమ్మలు నేర్పిన విద్య నీ ఫొటోకి అలంకారమా?"

"అరవకు. ఇది బడి."

"తెలుసులే నీ బడి! నా కూతురు చిన్నప్పుడు దాని ఒంటిమీది నేత రవిక మోటుగా ఉందని విప్పించింది ఈ బళ్ళోనే. ఆరోజునుంచి అది మగ్గం ముట్టలేదు. ఇప్పుడు దాని కూతుర్నీ మింగుతారా? మింగండి చూద్దాం!"

ఆ కూతురు బసీలియా అక్కడే ఉంది. బడి వంటమనిషి. "ఊరుకోవే అమ్మా, నా ఉద్యోగం ఊడుతుంది" అంది తల దించుకుని.

ఊరుకునే రకమా! బడి ఎదురుగానే ఆవిడ ఇల్లు, మధ్య సన్నటి వీధి. బడి వరండా స్తంభానికి పొడుగు తాడు కట్టి, వీధి దాటి తన వాకిట్లో కూలబడింది. మనవరాలు ఫాబియానా, తోటిపిల్లలూ మగ్గాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి తలో స్తంభానికీ తాడేశారు. మగ్గం చెక్కతో అడ్డపోగు బిగించి కొట్టినప్పుడల్లా బడి కిర్రుమంది. సగం వీధిదాకా వచ్చి మొరాయించింది.

"సిమెంటు పునాది అవ్వా! ముసలి నడుములకీ పసి నడుములకీ రాదు" అని హెడ్మాస్టరు కిటికీలోంచి నవ్వాడు. "బసీలియా! కత్తి తీసుకెళ్ళి ఆ తాళ్ళు కోసెయ్. నువ్వయినా తెలివైనదానివి."

బసీలియా కత్తి పట్టుకుని వీధి దాటింది. తల్లి తలెత్తలేదు. తెలివైనదానివి! రవిక విప్పించిన పంతులమ్మా అప్పుడు ఆ మాటే అంది. ఇన్నేళ్ళూ దిగమింగిన కోపం తన్నుకొచ్చింది. కత్తి విసిరికొట్టింది.

"లేవే ఫాబియానా. నీ మగ్గం ఇటివ్వు."

పట్టీ ఎక్కడ కట్టాలో తెలియలేదు. కూతురే చూపించింది: "అక్కడ కాదమ్మా, కిందకి. ఆఁ, ఇప్పుడు వెనక్కి వాలు."

బసీలియా పళ్ళు బిగించి వెనక్కి వాలింది. పునాది ఫెళ్ళుమంది. బడి, బల్లలు, కిటికీలో హెడ్మాస్టరు, అన్నీ వచ్చి నికోలాసా వాకిట్లో ఆగాయి. కోళ్ళు చెదిరిపోయాయి.

"మీ వాకిట్లో మీ మాటే కదా. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడాయన. గొంతులో ఇప్పుడు అతిథుల ఊసూ లేదు, ఫొటోల ఊసూ లేదు.

నికోలాసా అటు చూడనేలేదు. కళ్ళు తుడుచుకుని కూతురిమీద విరుచుకుపడింది.

"ఇన్నేళ్ళకి కూర్చున్నావు, అదీ వంకరగా! నడుం నిటారుగా పెట్టవే!"

బసీలియా నడుం నిటారుగా పెట్టింది.