చప్పట్ల తీర్మానం

ఫొటోలో శౌరమ్మ నవ్వుతోంది. ముందు వరసలో కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది.

ఉయ్యూరు రోడ్డులోని రొయ్యల కంపెనీ, భోజనాల షెడ్డు. ఐసులో నాని పాలిపోయిన వేళ్ళతో ఆడవాళ్ళంతా నుస్రత్ ఫోను చుట్టూ మూగారు. నుస్రత్ మెహబూబ్ బీ కూతురు. లా చదువుతూ, సెలవుల్లో తల్లి పక్కన నిలబడి రొయ్యలు ఒలుస్తుంది.

"పేపర్లో ఈ ఫొటో కింద ఏం రాశారో చదవ్వే," అంది మెహబూబ్ బీ.

"'బిల్లులోని అంశాలను కాంట్రాక్టు కార్మికులు హర్షధ్వానాలతో ఏకగ్రీవంగా ఆమోదించారు.'"

"అంటే?"

"మీరంతా ఒప్పేసుకున్నారని."

"మేమెప్పుడు ఒప్పుకున్నామే?" అంది రావమ్మ. "బెజవాడ ఫంక్షన్ హాలుకి తీసుకెళ్ళారు. బిర్యానీ పొట్లాలిచ్చారు. ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో చదివాడు. చప్పట్లు కొట్టి వచ్చాం. అంతేగా?"

"ఆ చప్పట్లే, పిన్నీ."

ఆ చప్పట్లు నేర్పింది సంజీవరావు. పదకొండేళ్ళ క్రితం గేటు ముందు టెంటు వేసి యూనియన్ పెట్టినప్పుడు, చదువురాని ఆడవాళ్ళంతా తీర్మానం కాగితం చూసి బెదిరిపోతే ఆయనే ధైర్యం చెప్పాడు. "చదివినవాళ్ళకి సంతకం. మనకి చప్పట్లు. నేను చదువుతాను, మీకు నచ్చితే కొట్టండి." ఈఎస్ఐ కార్డుల కోసం పంతొమ్మిది రోజులు సమ్మె చేసినప్పుడు లాఠీ దెబ్బ తిన్నదీ ఆయనే. శౌరమ్మ పెద్దకొడుకు పోతే శవపెట్టెకు భుజం పట్టిందీ ఆయనే. అందుకే ఆ వేళ ఫంక్షన్ హాల్లో వేదిక మీద నుంచి ఆయన మొదట చప్పట్లు కొట్టగానే, ఏం చదివారని ఎవరూ అడగలేదు. అందరికంటే గట్టిగా కొట్టింది శౌరమ్మే.

"బిల్లులో ఏముందో చెప్పమ్మా," అంది శౌరమ్మ.

నుస్రత్ బిల్లు ముసాయిదా కాగితం తీసి, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. బిల్లు శాసనసభలో పాసైతే కాంట్రాక్టు వాళ్ళకి ఈఎస్ఐ కార్డు ఉండదు. కాంట్రాక్టరు ఎంచుకున్న బీమా కంపెనీ పాలసీ ఉంటుంది. పీఎఫ్ డబ్బు కొత్త నిధిలోకి పోతుంది. అరవై నిండేదాకా ముట్టుకోవడానికి లేదు.

"అరవై దాకా ఈ చలిలో నిలబడి బతికేదెవరే!" అంది రావమ్మ.

"ఇంకొకటుంది. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆ పాలసీ వర్తించదు."

శౌరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె భర్త డేనియల్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం ఆ కార్డు మీదే డయాలసిస్.

"మూడేళ్ళా? ఆయన మూడు వారాలు ఆగలేడు గదే!"

"ఇప్పుడేడిస్తే ఏం లాభం?" రావమ్మ విరుచుకుపడింది. "ముందు కూర్చుంది నువ్వు. నువ్వు కొట్టావనే మేం కొట్టాం. అన్న అన్న అని నెత్తిన పెట్టుకుంది నువ్వే!"

ఎవరూ రావమ్మను ఆపలేదు. అబద్ధమైతే గదా ఆపడానికి.

ఆ సాయంత్రం శౌరమ్మ సంజీవరావు గుమ్మంలో నిలబడింది. ఆయన తల దించుకుని చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"నీకు తెలిసే కొట్టావా అన్నా?"

"బిల్లు ఎలాగూ వస్తుంది చెల్లెమ్మా. ఆపడం మన వల్ల కాదు. కొత్త నిధి బోర్డులో కార్మికుల తరఫున ఒక సీటిస్తామన్నారు. లోపలుండి నాలుగు మంచి పనులు చేయొచ్చు."

"ఆ సీటు నీకేనా?"

ఆయన చొక్కా తిరగేసి రెండో వైపు ఇస్త్రీ చేయసాగాడు.

"పదకొండేళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నావు. డేనియల్ కార్డు నీ చేత్తోనే తెచ్చిచ్చావు. ఆ చేతులతోనే చప్పట్లు కొట్టావు. ఇక మా గడప తొక్కకు."

అంది గానీ, బస్టాపు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది. పిలుస్తాడేమోనని. పిలవలేదు.

నుస్రత్ చూపించిన కాగితం అడుగున ఒక వాక్యం ఉంది: అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా కార్మిక శాఖ కార్యాలయంలో స్వయంగా నమోదు చేసుకోవచ్చు. ఎవరూ రారన్న ధైర్యంతో రాసిన వాక్యం అది.

శుక్రవారం పొద్దున కంపెనీ బస్సు ఖాళీగా వెళ్ళిపోయింది. నూట నలభై మంది ఆడవాళ్ళు బెజవాడలో ఆ కార్యాలయం మెట్ల మీద వరస కట్టారు.

గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. "ఏంటమ్మా ఈ వాసన?"

"మీ ప్లేట్లోకొచ్చే వాసనేనండీ," అంది మెహబూబ్ బీ. "అక్కడ బాగుంటుంది, ఇక్కడ బాగోదా?"

ఆఫీసరు బయటికొచ్చాడు. "మీ నాయకుడెవరు? ఒక్కరు లోపలికి రండి, చాలు."

"పోయిన వారం దాకా ఒకాయన ఉండేవాడండీ," అంది శౌరమ్మ. "ఇప్పుడు లేడు. అందరం వస్తాం. ఒక్కొక్కరి మాటా రాయాలి."

"మీరంతా ఆమోదించినట్టు రికార్డులో ఉంది కదమ్మా."

"మాకు రాని భాషలో చదివి, మా చేత ఏం ఒప్పించారు సార్? ఇప్పుడు మా భాషలో చెప్తాం. రాయండి. నా పేరు శౌరమ్మ. ఈ బిల్లుకి నేను ఒప్పుకోను. నా మొగుడి ప్రాణం ఆ కార్డు మీదుంది."

గుమాస్తా రాయక తప్పలేదు. శౌరమ్మ తర్వాత మెహబూబ్ బీ. ఆమె తర్వాత ఇంకొకరు. ఒకామె ఆ కార్డు మీద జరిగిన కాన్పు గురించి చెప్పింది. ఒకామె ఐసుకి చచ్చుబడిన వేలు చూపించింది. వరస మెల్లగా మెట్లెక్కుతోంది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. వెనకే మేనేజరు కారు ఆగింది. అందులోంచి సంజీవరావు దిగాడు.

"వీళ్ళని రెచ్చగొట్టి తెచ్చింది ఎవరయ్యా?" అడిగాడు సీఐ.

సంజీవరావు వరస మొత్తం చూశాడు. తర్వాత చెయ్యెత్తి శౌరమ్మను చూపించాడు.

ఆ చేతిని నమ్మి రోడ్డెక్కిన ఆడవాళ్ళే అందరూ.

శౌరమ్మ తిట్టలేదు. సంచిలోంచి డేనియల్ ఆస్పత్రి ఫైలు తీసి మెహబూబ్ బీకి ఇచ్చింది.

"రెండింటికి ఆయన్ని గుణదల ఆస్పత్రికి తీసుకెళ్ళు. సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకో. భయపడతాడు."

"నువ్వేదని అడిగితే?"

"అబద్ధం చెప్పకు. పోలీసులు పట్టుకెళ్ళారని చెప్పు. ఎందుకో కూడా చెప్పు."

"ఇక కదలండి! అంతా ఇళ్ళకి పొండి!" పోలీసులు లాఠీలు మెట్ల మీద కొట్టారు. శౌరమ్మను వ్యానెక్కించారు.

వ్యాను జాలీలోంచి ఆమెకు మెట్లు కనిపిస్తున్నాయి. గుమాస్తా రిజిస్టరు మూయబోయాడు. దాని మీద ఒక చెయ్యి పడింది. ఐసుకు పాలిపోయిన చెయ్యి. రావమ్మది.

"ఇంకా ఐదు కాలేదు బాబూ. తెరువు. నా పేరు రావమ్మ. రాయి."

ఆమె వెనక, ఇంకా మాట రాయించని తొంభై మంది కదలకుండా నిలబడ్డారు.