ఐదు జతల ఫిరంగులు

మా నాన్న బంగారయ్య రాయపూర్‌లో రైలు వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్. రైల్వేలోకి రాకముందు విశాఖ నుంచి సరుకు ఓడ మీద కలాసీగా వెళ్లాడు. 1942 ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో జపాను యుద్ధనౌక ఒకటి ఆ ఓడను ముంచింది. చిన్న పడవలో ఒడ్డుకు చేరి బతికాడు. ఈ సంగతి షాపులో ఎవరూ నమ్మేవారు కాదు.

1971 సెప్టెంబరులో, షాపులో పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజకని నాన్న ఆ యుద్ధనౌకను రేకుతో మూడడుగుల పొడవున చేశాడు. నాన్న పై అధికారి, చార్జిమన్ మల్లేశ్వరరావు గారు చూసి నవ్వారు.

"గప్పాలు కొట్టకు బంగారయ్యా. ఐదు జతల ఫిరంగులా? ఓడ ములిగిపోతంటే లెక్కెట్టావా?"

"ములిగేవోడికి ఇంకేటి పనుంటాది బాబూ?"

"సబూత్ తే, ఏదైనా రుజువు. లేదంటే పూజలో పెట్టనివ్వను."

నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "బీయే సదివావు కదరా, ఎక్కడైనా రాసుందేమో సూడు" అన్నాడు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊళ్లోని లైబ్రరీలో నాలుగు సాయంత్రాలు వెతికితే ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో దొరికింది. తేదీ, చోటు కలిశాయి. ఆ యుద్ధనౌక పేరు చోకాయ్. బొమ్మ పెన్సిలుతో దించుకున్నాను.

పూజనాడు అందరి ముందూ చదివాను. బంగాళాఖాతంలో సరుకు ఓడలను ముంచింది. అదే ఏడు ఆగస్టులో సావో దీవి దగ్గర రాత్రి యుద్ధంలో జపాను నౌకలను ముందుండి నడిపింది. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్ దగ్గర మునిగింది.

మల్లేశ్వరరావు గారు నా బొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. ముందు మూడు జతలు, వెనక రెండు. రేకు ఓడను తానే ఎత్తి దేవుడి పక్కన పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్న మాత్రం నన్నే చూస్తున్నాడు. "అదీ ములిగిపోయిందేట్రా?"

"నీ ఓడని ముంచిందానికి జాలేటి?" అంది అమ్మ.

"అందులోనూ కలాసీలుంటారే, వరాలూ."

అంతలో ఎవరో ఓడ పక్కన రాసింది చూసి పకపకా నవ్వారు. ముందురోజు ఓడకు బూడిదరంగు వేసింది పెయింటర్ నూకరాజు. వ్యాగన్ బయటికి పంపేముందు దాని పక్కన ఖాళీ బరువూ, మళ్లీ మరమ్మతుకు రావలసిన తేదీ రాయడం షాపు పద్ధతి. చెయ్యి అలవాటున ఓడ మీదా రాసేశాడు: మళ్లీ మరమ్మతు, సెప్టెంబరు 1974.

నూకరాజు సిగ్గుపడి గుడ్డ తీశాడు. నాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకురా. ఆ తేదీకొస్తే మనమే బాగుసేసి పంపుదుం."