గ్రీకు మాస్టారి ఫుట్‌బాల్ జట్టు

ఆంబ్రోస్ విట్లో మా కాలేజీకి వచ్చింది గ్రీకు చెప్పడానికి. అది 1897. మా అయోవా ఊళ్లో ఫుట్‌బాల్, అదే బంతిని చంకన పెట్టుకుని ఒకరినొకరు పడదోసుకుంటూ పరిగెత్తే ఆట, కళ్లారా చూసినవాడు ఆయనొక్కడే. అదైనా బోస్టన్‌లో వాన పడుతుంటే గొడుగు చాటు నుంచి సగమే చూశాడట. ఆ సంగతి భోజనాల దగ్గర నోరు జారి చెప్పడమే ఆయన చేసిన తప్పు. మర్నాడే ప్రిన్సిపాల్ కోల్బీ పాదిరి పిలిచి జట్టును ఆయన చేతిలో పెట్టాడు.

నేను ఆ జట్టులో ఎడమ పక్క ఆడేవాణ్ణి. మాస్టారు ఒక చేత్తో నియమాల పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో మమ్మల్ని అటూ ఇటూ జరిపేవాడు. మొదటి ఆట అరవై నాలుగు సున్నాతో ఓడిపోయాం. రెండోది నలభైతో ఓడితే, బాగుపడుతున్నారని మెచ్చుకున్నాడు. అలా రెండేళ్లు ఒక్క ఆటా గెలవలేదు.

ఊళ్లో గుర్రాలకు నాడాలు కొట్టే గుండర్ హౌగెన్ అనే నార్వే మనిషి ఉండేవాడు. మొండికేసిన గుర్రాన్ని భుజంతో నెట్టుకుపోయేవాడు. కాలేజీకి చెందినవాళ్లే ఆడాలి గనక, మూడో ఏడు మాస్టారు అతన్ని తన తరగతిలో చేర్చుకున్నాడు. వెనక బెంచీ మీద నిద్రపోతే చాలన్నాడు.

ఆ ఏడు ఐదాటలు గెలిచాం. బంతి గుండర్‌కిచ్చి పక్కకు తప్పుకోవడమే మా వ్యూహం. మాస్టారు వీధిలోకొస్తే జనం టోపీలు తీసేవారు.

కానీ గుండర్ తరగతిలో నిద్రపోలేదు. కొలిమి తలుపు నిండా బొగ్గుతో గ్రీకు అక్షరాలు రాసుకున్నాడు. చివరి ఆట రోజు పొద్దున్నే పుస్తకం పట్టుకుని మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఆటకి రానండి. సోమవారం పరీక్ష ఉంది."

"ఆ పరీక్ష పెట్టేది నేనే కదయ్యా. మార్కులు ఇప్పుడే వేసేస్తాను."

"అలాంటి మార్కులు నాకొద్దండి. పోయినాటలో తలకి దెబ్బ తగిలితే మూడు రోజులు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఈ తలతో నాకిప్పుడు పనుంది మాస్టారూ."

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా, గ్రీకు కోసం ఆట మానుకున్నవాడు తనకెప్పుడూ దొరకలేదని మాస్టారు తర్వాత నాతో అన్నాడు. వెళ్లి చదువుకోమని అతన్ని పంపేశాడు.

పదకొండుమంది ఉండాల్సిన జట్టులో ఇక పదిమందిమే మిగిలాం. ఆ రోజుల్లో మాస్టర్లు దిగి ఆడినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. కళ్లద్దాలు తీసేసి, గుండర్ చొక్కా తొడుక్కుని ఆయనే దిగాడు. చొక్కా మోకాళ్ల దాకా వచ్చింది. చూపు ఆనక మొదటి సగమంతా మావాళ్లనే పట్టుకుని పడేశాడు. నన్నైతే రెండుసార్లు.

"మాస్టారూ, నేను మన జట్టువాణ్ణేనండీ."

"మరి ముందే చెప్పవేం?" అన్నాడు నా మీద నుంచి లేస్తూ.

రెండో సగంలో ఎవరో జారవిడిచిన బంతి ఆయన ఒళ్లో పడింది. నేను కేక వేసిన వైపు పరిగెత్తాడు. అవతలివాళ్లు ఆ చొక్కా చూసి నవ్వుతూ నిలబడిపోయారు. వాళ్లు తేరుకునేసరికి గీత దాటాడు. దాటి కూడా ఆగక, కంచెను గుద్దుకుని భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు.

ముప్పై ఐదుకు ఐదుతో ఓడిపోయాం. మా ఐదు పాయింట్లూ ఆయన ఆ గీత దాటి తెచ్చినవే. మర్నాడు కోల్బీ పాదిరి పరామర్శకు వచ్చి, జట్టుకు వేరే మనిషిని చూశానని మెల్లగా చెప్పాడు. మాస్టారు ఆయన్ని ఒంటిచేత్తోనే కౌగిలించుకున్నాడు.

సోమవారం చేతికి కట్టుతోనే పరీక్ష పెట్టాడు. గుండర్‌కు నూటికి అరవై ఒకటి వచ్చాయి. ఒక్క మార్కు కూడా కలపలేదు. గుండర్ ఆ కాగితాన్ని కొలిమి గోడకు మేకు కొట్టి పెట్టుకున్నాడు. నాడాలకు వచ్చిన ప్రతి రైతుకూ, గుర్రం కాలు వదలకుండానే, అందులో తన తప్పులేమిటో ఒక్కొక్కటిగా విడమరిచి చెప్పేవాడు.