పొట్ట నొక్కిన పాపం నాదే

నేను ఒక షేప్‌వేర్‌ని. బట్టల కింద వేసుకుంటే పొట్ట కనపడకుండా నొక్కిపెట్టే బిగుతు లాగుని. ముందే ఒప్పేసుకుంటా: నా వల్ల ప్రవల్లిక అనే అమ్మాయి రెండేళ్లు నిండుగా ఊపిరి పీల్చలేదు. నన్ను చేసిందే అందుకు కాబట్టి, దీన్ని బగ్ అనాలో ఫీచర్ అనాలో నాకూ తెలీదు.

పుట్టింది తిరుపూర్‌లో. ఒక ప్లాస్టిక్ బొమ్మకి తొడిగి చూసి పాస్ చేసేశారు. ఆ బొమ్మ భోంచెయ్యదు, కూర్చోదు, పిల్లల్ని కనదు. మా టెస్టింగ్ అలా ఏడిచింది. నన్ను మొదట కొన్నది ప్రవల్లిక ఆడపడుచు శ్రీలత. ఒక రిసెప్షన్‌కి వేసుకుని, భోజనాల దగ్గరికొచ్చేసరికి బాత్రూంలోకెళ్లి పీకేసింది. "నాకెందుకులే వదినా, నీకైతే పనికొస్తుంది," అని అంటగట్టింది.

ప్రవల్లికకి అప్పటికే సిజేరియన్ అయింది. కుట్టు మీదకి పొట్ట మడతపడి జారింది. ఇక ఆఫీసుకి నేనే, పేరంటానికి నేనే, కూరగాయలకీ నేనే. స్నానానికి నన్ను విప్పి, వెంటనే లంగా గుండెలదాకా కట్టుకునేది. గడియపెట్టిన బాత్రూంలో, ఒక్కతే. తన పొట్ట తనే చూడాల్సొస్తుందని భయం.

ఈలోగా నడుం పట్టేసింది. "మూడు నెలలు నీళ్లలో నడవండి. లేకపోతే పాపని ఎత్తుకోడం మర్చిపోవాల్సిందే," అన్నాడు డాక్టరు.

అలా వచ్చాం, కాకినాడలో ఒక స్విమ్మింగ్ పూల్‌కి, ఆడవాళ్ల బ్యాచ్‌కి. నీళ్లలో దిగేముందు స్నానం తప్పనిసరి. స్నానానికేమో ఒకటే హాలు, ఆరు షవర్లు, మధ్యలో అడ్డం లేదు. ఆ బ్యాచ్ వాళ్లు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి, వంకాయ కూర గురించి మాట్లాడుకుంటూ, ఒకళ్ల వీపు ఒకళ్లు సున్నిపిండితో రుద్దుకుంటారు. ప్రవల్లిక మూడ్రోజులు బల్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుని ఇంటికెళ్లిపోయింది. నాలో తను ఇరుక్కుందో, తన మీద నేను ఇరుక్కున్నానో.

నాలుగోరోజు తెగించి షవర్ కిందకెళ్లింది. కాకపోతే లంగా కట్టుకుని, లోపల నన్ను ఉంచుకుని. తడిస్తే నేను చర్మానికి అతుక్కుపోతాను. ఈత డ్రెస్ వేసుకోడానికి విప్పబోతే తుంటి దగ్గర చుట్టుకుపోయి ఆగిపోయాను. పైకీ రాను, కిందకీ పోను.

"ఏంటమ్మాయ్, ఆ కట్టు?" అంది తులసీరత్నం గారు. రిటైరైన నర్సు.

"షేప్‌వేర్ అండి."

"దెబ్బెక్కడ తగిలింది మరి?"

ప్రవల్లిక ఏడవబోయి నవ్వేసింది. నవ్వు నాకు పడదు, పట్టు సడలుతుంది. ఆవిడొక పక్కా, ఇంకొకావిడ ఒక పక్కా పట్టి లాగారు.

"నెమ్మదిగా మామ్మగారూ, పిల్ల పడిపోద్ది," అంది ఆ రెండో ఆవిడ.

నేనూడొచ్చాను. ఒంటినిండా నా గీతలు, ఎర్రగా. ఎవరూ అయ్యో అనలేదు. "నీది అడ్డకుట్టా? నాది నిలువు, చూడు," అని రెండో ఆవిడ చూపించింది. తులసీరత్నం గారికి ఒక రొమ్ము లేదు, కేన్సరొచ్చి తీసేశారు. "మొదట్లో నేనూ గోడవైపు తిరిగి పోసుకునేదాన్ని," అంది. "నా వీపు అందరూ బానే రుద్దేవాళ్లు. నేను మాత్రం ఎవరికీ రుద్దలేకపోయేదాన్ని." సున్నిపిండి గిన్నె ప్రవల్లిక చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

ప్రవల్లిక రుద్దింది. అంతమంది మధ్య, దాచుకోడానికి చెయ్యి ఖాళీ లేకుండా.

ఆరోజు నన్ను పిండి లాకర్లో పడేసి, ఈత డ్రెస్‌లో నీళ్లలో దిగింది. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. చీకటి, క్లోరిన్ వాసన. ఇరుక్కోడమంటే ఏంటో ఇప్పుడు నా వంతు. ఏదో పెళ్లికి నన్ను వెతుక్కుంటుందేమో కూడా, పూర్తిగా మారిపోయిందని నేను చెప్పను.

మూడు నెలలు గడిచాక నిన్న వాళ్ల పాప వచ్చింది. లాకర్ సందులోంచి చూశాను. ప్రవల్లిక వంగి ఎత్తుకుంది. పాప ఆ పొట్ట మీద అరచేత్తో తబలా వాయించింది. తను పొట్ట లోపలికి లాక్కోలేదు.

మరి మీ సంగతి? పొట్ట లోపలికి లాక్కోమని మీకు మొదట చెప్పిందెవరు? ఎన్నేళ్లుగా లాక్కునే ఉన్నారు? చెప్పండి, వింటాను. నాకిక్కడ వేరే పనేం లేదు.